నిర్వహణము లేని ప్రహసనము: మాంటీ పైథాన్ హాస్యము, దాని వారసత్వము

హాస్యరసమునకు వికృతాకారము, వికృతవేషము, వికృతవాక్కు విభావములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పియున్నాడు. అభినవగుప్తుడు ఇంకొక అడుగు ముందునకు వేసి ఔచిత్యభంగమే హాస్యమునకు మూలమని తేల్చెను. ఈ సూత్రము ఏ దేశపు హాస్యమునకైనను అన్వయించును. ఉండవలసినది యొకటియై, కానవచ్చునది వేఱొకటియైన చోట నవ్వు పుట్టుట లోకసహజము. అయితే ఆ అనౌచిత్యము ఎచ్చట నుండవలెను? పాత్రయొక్క వేషభాషలందా, పలికిన మాటయందా, లేక ప్రదర్శనమను చట్రమునందేనా? లోకమునందలి హాస్యములో అధికభాగము మొదటి రెండు చోట్లనే తిరుగాడుచుండును. చట్రమునే వికృతము గావించి, ప్రేక్షకుడు తాను చూచుచున్నది ఏమో తనకే తెలియని స్థితికి తెచ్చి నవ్వించినవారు అరుదు. ఇరువదవ శతాబ్దపు ఇంగ్లండులో అట్టి సాహసము చేసి, దాని ఫలితమును అర్ధశతాబ్దికి పైగా నిలుపగలిగినది మాంటీ పైథాన్ బృందము.

ఈ బృందమును గూర్చిన వ్రాతలకు కొదవ లేదు. వానిలో అధికము ఆరాధనము. ప్రహసనములందలి వాక్యములను జనులు కంఠస్థము చేసి యొండొరులకు అప్పగించుచుండుటయే ప్రభావమునకు నిదర్శనమని ఆ వ్రాతల ధోరణి. వల్లెవేయుట వేఱు, వారసత్వము వేఱు. పైథాన్ ప్రభావము ఎచ్చట ప్రాణముతో నున్నది, ఎచ్చట చిలుకపలుకులుగా మాఱినది అనునదే ఇచ్చట విచారణీయము.

'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అను టెలివిజన్ ప్రదర్శనము 1969 అక్టోబరు 5వ తేదీ ఆదివారము రాత్రి బి.బి.సి.లో మొదలై 1974 డిసెంబరు 5వ తేదీతో ముగిసెను. నాలుగు విడతలలో మొత్తము 45 ప్రసారములు, ఒక్కొక్కటి అరగంట. మొదటి మూడు విడతలకు పదమూడేసి, కడపటి విడతకు ఆఱు. గ్రాహమ్ చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జిలోను, టెరీ జోన్స్, మైకేల్ పేలిన్ ఆక్స్‌ఫర్డులోను చదివినవారు. ఆఱవవాడైన టెరీ గిలియమ్ అమెరికానుండి వచ్చిన చిత్రకారుడు. వ్రాసినవారును వారే, నటించినవారును వారే. క్లీజ్, చాప్‌మన్ ఒక జంటగాను, పేలిన్, జోన్స్ ఇంకొక జంటగాను, ఐడిల్ ఒంటరిగాను వ్రాసికొని వచ్చి, అందఱును కూర్చుండి చదివికొని, నవ్వు పుట్టనిదానిని త్రోసివేయుట వారి పద్ధతి. పేరులో సర్కసు కలదు గాని ప్రదర్శనమున సర్కసు లేదు. మాంటీ పైథాన్ అను మనుష్యుడు ఎన్నడును లేడు.

ఈ హాస్యము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1951 మొదలు 1960 వఱకు బి.బి.సి. రేడియోలో సాగిన 'గూన్ షో' దీనికి తాతవంటిది. ఆ కార్యక్రమమునకు ప్రధాన రచయితయైన స్పైక్ మిలిగన్ 1918లో అహమ్మదునగరమున జన్మించెను. ఆ నగరము 2024 నుండి అహిల్యానగరమని వ్యవహరింపబడుచున్నది. తండ్రి బ్రిటిషు సైన్యమున పనిచేయుచుండుటచే మిలిగన్ బాల్యము పూనాలోను రంగూనులోను గడచెను. తెలుగు పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్న ఊరొకటి ఆంగ్లహాస్యమును తలక్రిందులు చేసిన రచయితకు జన్మస్థానమగుట మహారాష్ట్రమందలి తెలుగువారికి వినసొంపైన విషయమే. ఐనను పుట్టిన ఊరిని బట్టి హాస్యమునకు గోత్రము కట్టుట తగదు.

1969 మార్చిలో మిలిగన్ 'క్యూ 5' అను టెలివిజన్ ప్రదర్శనమును ఆరంభించెను. ఒక ప్రహసనము సాగుచుండగా దానిని నడుమనే విడిచి వేఱొకదానిలోనికి పోవుట అందలి విశేషము. తాము తలపెట్టిన పనిని మిలిగన్ అప్పుడే చేసి చూపెనని పైథాన్ బృందము కలవరపడెను. పిదప ఆ ప్రదర్శనమునకు దర్శకుడైన ఇయాన్ మెక్‌నాటన్‌నే తమకును దర్శకునిగా కుదుర్చుకొనిరి. ఐనను 'క్యూ 5'లో అధికభాగమును బి.బి.సి. వారు తరువాత చెఱిపివేసిరి. పైథాన్ టేపులు దక్కినవి. కావున కీర్తియంతయు దక్కినదానికే చెందెను. నన్నయకు పూర్వము కావ్యములుండెనా లేవా యని వాదించుకొను తెలుగువారికి ఈ న్యాయము క్రొత్తది కాదు.

ఇక అసలు విషయము. సంస్కృతనాటకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అని సంధు లైదు. ఆంగ్లేయుల చిన్న ప్రహసనమునకు ముఖనిర్వహణములు రెండే సంధులనిన చాలును. మొదట ఒక చిక్కు కల్పింతురు. చివర ఒక చెణుకు విసరుదురు. దీపములాఱును, కరతాళధ్వనులు మ్రోగును. ఆ కడపటి చెణుకునే వారు పంచ్ లైన్ అందురు. నేడు తెలుగు హాస్యప్రదర్శనములలో 'పంచ్' అని ముద్దుగా పిలుచుకొనునది దాని బంధువే. ఇది రచయిత కాళ్లకు సంకెల. ప్రహసనమంతయు చక్కగా నడచినను చివరి మాట తేలిపోయినచో శ్రమ వ్యర్థము. చివరి మాట ముందుగా ఊహకందినను వ్యర్థమే. అంతకంటె చెడుగు ఇంకొకటి కలదు: ప్రేక్షకుడు చివరి మాటకై కాచుకొనియుండి నడుమనున్నదానిని సగము చెవితో వినును.

పైథాన్ బృందము ఈ నిర్వహణసంధిని తీసి పాఱవైచెను. నవ్వు పరాకాష్ఠ నందుకొనగనే సైనికాధికారి యొకడు వచ్చి, ఇది మఱీ వెఱ్ఱిగా నున్నదని గద్దించి ప్రహసనమును ఆపివేయును. లేదా పదునాఱు టన్నుల బరువొకటి పాత్ర నెత్తిమీద పడును. లేదా కవచధారియైన వీరుడు ఈకలు పెఱికిన కోడితో నెత్తిన మొట్టి తనదారిన పోవును. ఇవి యేవియు లేనిచో గిలియమ్ చిత్రించిన పెద్ద పాదమొకటి పైనుండి దిగి సమస్తమును నలిపివేయును. లండను జాతీయ చిత్రశాలలో బ్రాంజినో గీసిన చిత్రమొకటి కలదు. ఆ పాదము అందలి మన్మథునిది. కొన్ని ప్రసారములలో ముగింపున రావలసిన నటుల పేర్లు నడుమనే వచ్చును. మొదట రావలసిన శీర్షిక ఎప్పుడో ఆలస్యముగా వచ్చును. వార్తలు చదువువాడు బల్లతో కూడ పొలములోనో సముద్రతీరముననో ప్రత్యక్షమగును. ముగింపుపై ఆశ వదలుకొన్న ప్రేక్షకుడు ప్రతి వాక్యమును వినుట మొదలిడును. పైథాన్ సాధించిన లాభము ఇదియే. మిగిలిన వింతలన్నియు దీనిని అనుసరించి వచ్చినవి.

ఈ మాటకు సాక్ష్యము వారి ప్రహసనములన్నిటిలో ప్రఖ్యాతమైన చచ్చిన చిలుక కథయే. 1969 డిసెంబరు 7వ తేదీన ప్రసారమైన ఈ ఘట్టమున ఒకడు (క్లీజ్) తాను కొన్న చిలుక చచ్చినదని దుకాణమునకు తిరిగి తెచ్చును. అమ్మినవాడు (పేలిన్) అది చావలేదని వాదించును. పేలిన్‌కు ఒక మోటారు వ్యాపారితో కలిగిన అనుభవము దీనికి బీజము. 1968లో ఒక టెలివిజన్ కార్యక్రమమునకై ఇదే భావము మోటారుకారును గూర్చి వ్రాయబడినది. కారును చిలుకగా మార్చిన ఘనత చాప్‌మన్‌ది. వర్తకుడు బొంకుట హాస్యము కాదు, అది నిత్యానుభవము. హాస్యమంతయు క్రేత కోపములో నున్నది. మరణమను ఒక్క అర్థమునకు ఆంగ్లభాషలో గల పర్యాయపదములన్నిటిని, మతగ్రంథముల గంభీరపదములు మొదలు వీథిలోని మొఱటుపదముల వఱకు, ఒక్క ఊపిరిలో క్రుమ్మరించును. దివంగతుడగుట, పరమపదించుట, కాలధర్మము నొందుట, కన్నుమూయుట, గుటుక్కుమనుట, టపా కట్టుట అని తెలుగున ఎవడైన చచ్చిన చిలుకను చేతబట్టి అమరకోశము వల్లించినట్లు వల్లించినచో కలుగు నవ్వు అట్టిది. పండితుని నిఘంటువు పామరుని జగడమున పడుటయే అచటి ఔచిత్యభంగము. మఱి ఆ ప్రహసనము ఎట్లు ముగియును? క్రేత వేఱొక ఊరికి పోవును, అది ఏ ఊరో తేలదు, రైల్వే ఉద్యోగితో వాదించును, కడకు సైనికాధికారి వచ్చి ఆపివేయును. ఈ భాగము లోకమునకు జ్ఞాపకమే లేదు. నడుమ భాగమే నిలిచినది.

1970 సెప్టెంబరు 15న వచ్చిన వెఱ్ఱినడకల మంత్రిత్వశాఖ కథయందును ఇట్టిదే నిర్మాణము. క్లీజ్ తన పొడుగుకాళ్లను మెలివేసి నడచుట వికృతాకారమే, పిల్లలైనను నవ్వుదురు. కాని ఆ నడకలకు ప్రభుత్వమున ఒక శాఖ యుండుట, తన నడకను అభివృద్ధి చేసికొనుటకు ధనసహాయము కోరుచు ఒకడు దరఖాస్తు పెట్టుట, శాఖకు నిధులు చాలకుండుటను గూర్చి అధికారి విచారించుట, ఇవి యన్నియు నిజమైన కార్యాలయమునందు జరిగినట్లే జరుగును. వెఱ్ఱి ఒక్కటే, దానిచుట్టును గల సమస్తమును తర్కబద్ధము. అనుకరించినవారిలో అధికులు ఈ రెండవ భాగమును మఱచిరి.

ఇందువలననే వీరి హాస్యమునకు 'అధివాస్తవికము' అని పెట్టిన పేరు సగమే సరిపోవును. ఆంద్రే బ్రెతాఁ 1924లో ప్రకటించిన అధివాస్తవికత తర్కమును త్రోసిపుచ్చి సుప్తచేతనను ఆశ్రయించినది. తెలుగున శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ప్రభృతులు పరిచయము చేసికొన్నది ఆ ఫ్రెంచి శాఖనే. పైథాన్ వారిది వేఱొక వంశము: ఎడ్వర్డ్ లియర్, లూయిస్ కెరల్ మొదలైనవారి నిరర్థకవినోదము. ఈ వంశమున తర్కము విసర్జింపబడదు, అతిగా పాటింపబడును. శ్రీశ్రీయే ఫ్రెంచి మార్గముతోపాటు ఈ మార్గమును కూడ తొక్కి, లియర్ వ్యాప్తికి తెచ్చిన లిమరిక్కును 'లిమఋక్కు' గావించి 'సిప్రాలి'లో చేర్చుట ఇచట స్మరింపదగినది. బృందమున నిజముగా అధివాస్తవికుడు గిలియమ్ ఒక్కడే. విక్టోరియా రాణి కాలపు చెక్కడపు బొమ్మలను, పాత ఛాయాచిత్రములను కత్తిరించి, వానికి చలనము కల్పించి, ఒక ప్రహసనమునుండి వేఱొక ప్రహసనమునకు వంతెన కట్టినవాడతడు. 1934లో మాక్స్ ఎర్నెస్ట్ అట్టి పాత బొమ్మలనే కత్తిరించి గ్రంథమొకటి కూర్చియుండెను. అతడు భయపెట్టిన చోట గిలియమ్ నవ్వించెను. ముగింపు లేని ప్రహసనములు విడివిడి ముక్కలుగా చెదరిపోకుండుటకు కారణము ఈ వంతెనలే. గిలియమ్ బొమ్మలు లేనిచో నిర్వహణసంధిని తొలగించుట సాధ్యమయ్యెడిది కాదు.

తెలుగు జానపదరంగస్థలమెఱిగినవారికి ఈ చట్రభంగము పూర్తిగా అపరిచితము కాదు. తోలుబొమ్మలాటలో రామాయణకథ సాగుచుండగా కేతిగాడు, బంగారక్క నడుమ దూరి కథ నాపివేసి నవ్వింతురు. ఐతే వారు వెళ్లినపిమ్మట కథ మరల సాగును. పైథాన్‌లో వెనుకకు పోవుటకు కథయే లేదు. కేతిగాని వెంట కేతిగాడు వచ్చుచుండును. పిట్టలదొర పోలిక ఇంకను దగ్గఱది. దొరల టోపి, ఖాకీ దుస్తులు, కొయ్య తుపాకి ధరించి, లేని ఆస్తులను ఉన్నట్లు గంభీరముగా వర్ణించి కోతలు కోయుట అతని వృత్తి. 1967లో క్లీజ్, చాప్‌మన్ ఇరువురు సహరచయితలతో కలిసి వ్రాసిన నలుగురు యార్క్‌షైరువాసుల ప్రహసనమును (పైథాన్ బృందము తరువాత రంగస్థలముపై ప్రదర్శించినది) దీని ప్రక్కన నిలిపి చూడవచ్చును. అందు ధనవంతులైన నలుగురు తమ బాల్యమునాటి దారిద్ర్యమును గూర్చి పోటీపడి కోతలు కోయుదురు. పిట్టలదొర సంపదను కోయును. వీరు పేదఱికమును కోయుదురు. ఒకరినుండి యొకరు గ్రహించుటకు అవకాశము లేని ఈ సామ్యము, కోతలహాస్యమునకు మెట్లు మెట్లుగా పెరుగుటయే ప్రాణమని మాత్రము తెలుపును.

దోషములను మఱుగుపఱచుట విమర్శ ధర్మము కాదు. ఈ ఆర్వురును పురుషులు. స్త్రీల యెడ వారి ఊహ బహుస్వల్పము. నడివయస్సు గృహిణుల పాత్రలను తామే వేసికొని కీచుగొంతులతో అరచిరి. స్థానం నరసింహారావు స్త్రీపాత్రలో ప్రవేశించినపుడు ఆయన తపస్సంతయు లావణ్యమునకై. వీరి శ్రమ సరిగా దానికి విపరీతము. యౌవనవతి కావలసివచ్చినపుడు మాత్రము కారల్ క్లీవ్‌లండ్‌ను పిలిచిరి. సమర్థురాలైన ఆ నటికి చెణుకు దక్కుట అరుదు. పరదేశీయుల ముఖవర్ణమును, ఉచ్చారణమును వెక్కిరించు ఘట్టములు కొన్ని నేడు చూచుట కష్టము. క్లీజ్ వైదొలగిన పిమ్మటి నాల్గవ విడతయందు పట్టు సడలినది. అయినను పరభాషను గూర్చిన హాస్యమంతయు చెడ్డది కాదు. 1970 డిసెంబరు 15 నాటి ప్రసారములో ఒక హంగరీ దేశస్థుడు తప్పులతడకయైన పదబంధముల పుస్తకమును చేతబట్టి లండను దుకాణమున ప్రవేశించి చిక్కులపాలగును. విచారణకు గురియగునది ఆ పుస్తకమును ప్రకటించినవాడు, పరదేశి కాడు. ఇంటియందొక భాష, వీథియందొక భాషగా బ్రదుకు వెళ్లబుచ్చు కుటుంబములకు ఈ ఘట్టమున నవ్వుతోపాటు కొంత ఊఱటయు దొరకును.

1975లో గిలియమ్, జోన్స్ దర్శకత్వమున వచ్చిన 'హోలీ గ్రెయిల్' చలనచిత్రము నిర్వహణత్యాగమునకు పరమోదాహరణము. ఆర్థరు రాజు పవిత్రపాత్రను వెదకు కథ అది. గుఱ్ఱములకు సొమ్ము లేదు. సేవకుడు రెండు కొబ్బరిచిప్పలను తాటించి గిట్టల చప్పుడు చేయుచు వెంట నడచును. ఇంతటితో ఊరకున్నచో అది పేదఱికపు ఉపాయమే. కాని కొబ్బరి పండని దేశమునకు ఈ చిప్పలు ఎట్లు వచ్చెనని కోటపై కావలివాడు నిలదీయును. వాదము పక్షుల రెక్కల బలమువఱకు పోవును. లోపమే తర్కమునకు విషయమైనది. చివర మహాయుద్ధము మొదలు కానుండగా నేటికాలపు పోలీసులు వచ్చి రాజును పట్టుకొందురు. ఒకడు కెమెరాను ఆపించును. చిత్రము అంతటితో సరి. ఇదే కథను ఐడిల్ 2005లో 'స్పామలాట్' అను సంగీతనాటకముగా న్యూయార్కు రంగస్థలమునకు ఎక్కించెను. టోనీ బహుమతి వచ్చినది, ధనమును వచ్చినది. అయితే అందు పవిత్రపాత్ర దొరకును, రాజునకు వివాహమగును. ముప్పది యేండ్లక్రిందట పాఱవైచిన నిర్వహణసంధి పూలమాలతో తిరిగివచ్చినది. చూచుటకు హాయిగా నుండును. పైథాన్ మాత్రము కాదు.

1975లోనే అమెరికాయందు ఒక వివాదము చెలరేగెను. ఏ.బి.సి. అను ప్రసారసంస్థ నాల్గవ విడతలోని భాగములను కూర్చి, 90 నిమిషములలో 24 నిమిషములను కత్తిరించి ప్రసారము చేసెను. ముగింపులేని ప్రహసనమును ఎచ్చట కోసినను ఒకటేయని తలచిరి కాబోలు. బృందము న్యాయస్థానమునకెక్కెను. 1976లో న్యూయార్కులోని అప్పీలు న్యాయస్థానము వారి పక్షమున నిలిచి, ఆ కత్తిరింపులలో కొన్ని ప్రహసనముల పరాకాష్ఠయే లుప్తమైనదని గుర్తించెను. విమర్శకులు మఱచిన భేదము న్యాయాధీశులకు తట్టినది: పైథాన్ విడిచినది నిర్వహణమును, పరాకాష్ఠను కాదు. రచయిత అనుమతిలేక అతని కృతిని వికృతము చేసి అతని పేరుతో ప్రకటింపరాదను వాదమునకు అమెరికా న్యాయశాస్త్రమున ఈ తీర్పు నేటికిని ఉదాహరింపబడుచున్నది. ఒక హాస్యబృందము న్యాయగ్రంథములలో ఇట్లు స్థానము పొందుట విశేషమే.

అనుచరులలో తారతమ్యమును ఈ భేదముతోనే కొలువవలెను. 1975లో అమెరికాలో మొదలైన 'సాటర్డే నైట్ లైవ్' స్థాపకుడు లార్న్ మైకేల్స్ పైథాన్ ఋణమును అంగీకరించినవాడు. కాని ఆ ప్రదర్శనమున ఎన్నో ప్రహసనములు ముగింపు దొరకక ఆగిపోవును. ముగింపును విడుచుట వేఱు, ముగింపు దొరకకుండుట వేఱు. నాల్గవ విడత రచనలో కొంత చేయి వేసిన డగ్లస్ ఆడమ్స్ 1978లో బి.బి.సి. రేడియోకు వ్రాసిన గగనసంచారకథ నిజమైన వారసత్వము. రహదారికి అడ్డమని ఒకని ఇంటిని పడగొట్టబోవుటయు, అంతరిక్షపు దారికి అడ్డమని భూగోళమునే పడగొట్టుటయు అందు ఒకే కార్యాలయభాషలో సాగును. 1997లో వచ్చిన 'సౌత్ పార్క్' కర్తలు మొదటి కథను కాగితపు ముక్కలను కత్తిరించియే తయారుచేసిరి. గిలియమ్ విద్య అచట తేటపడును. వార్తాప్రసారమను చట్రమునే వికృతము గావించిన క్రిస్ మారిస్ 'ది డే టుడే' (1994) వేషభాషలలో పైథాన్‌కు దూరము, బుద్ధిలో బహు సమీపము. విచిత్రమేమనగా, ఈ మార్గమును మొట్టమొదట విడిచినవాడు క్లీజ్. అతడు కానీ బూత్‌తో కలిసి వ్రాసిన 'ఫాల్టీ టవర్స్' పండ్రెండు భాగములును (1975, 1979) గడియారమువలె బిగించిన ముగింపులు గలవి.

ఒకే మాటలు ఇరువురి నోట ఎట్లు మాఱునో చెప్పుటకు రెండు సభలను ప్రక్కప్రక్కన నిలుపవచ్చును. చాప్‌మన్ 1989 అక్టోబరు 4వ తేదీన, తొలి ప్రసారమునకు ఇరువదేండ్లు నిండుటకు ఒక్కనాడు ముందు, క్యాన్సరు వ్యాధిచే మరణించెను. ఆ డిసెంబరులో జరిగిన సంస్మరణసభలో క్లీజ్ చచ్చిన చిలుకకై తామిద్దఱును కూర్చిన మరణపర్యాయపదములను మిత్రునికే అన్వయించి పలికెను. అంతటితో ఆగక సంతాపసభలో అనరాని మాటనొకదానిని బుద్ధిపూర్వకముగా అనెను. అభినవగుప్తుని సూత్రమునకు ఇంతకంటె వ్యాఖ్యానము అక్కఱలేదు. శోకము, ఔచిత్యభంగము, నవ్వు మూడును అచట ఒక్కటయ్యెను. పదినెలల పిమ్మట, 1990 అక్టోబరు 12న, ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ తన పక్షమహాసభలో అదే ప్రహసనపు వాక్యములను అప్పగించి, పక్షి చిహ్నము గల లిబరల్ డెమొక్రాట్ పక్షమును చచ్చిన చిలుకయని ఎగతాళి చేసెను. సభ ఘొల్లుమనెను. ఆఱు దినములకు ఈస్ట్‌బోర్న్ ఉపయెన్నికలో ఆ చిలుకయే గెలిచెను. నవంబరులో థాచర్ పదవి విడిచెను. ఆమె పలుకులు ఆ ప్రహసనమునుండి గ్రహించినవే; ఐనను చిలుక దుకాణములోని హాస్యమునకు అధికారపీఠమే గుఱియని ఆ పలుకులు మఱచినవి. 2014 జూలైలో మిగిలిన ఐదుగురు లండనులో పది ప్రదర్శనములిచ్చినపుడును వేలకొలది జనము వచ్చినది పూర్వపరిచితమైన పలుకులను మరల వినుటకే. అది తిరునాళ్లవంటి ముచ్చట, దానిని తప్పుపట్టనక్కఱలేదు. టెరీ జోన్స్‌కు అవి కడపటి ప్రదర్శనములు. 2020 జనవరిలో ఆయన మరణించెను.

పాట ఒకటి మాత్రము ఈ వల్లెవేతకు లొంగక బ్రదికినది. 1979 నాటి 'లైఫ్ ఆఫ్ బ్రయన్' చిత్రాంతమున, శిలువకెక్కిన మనుష్యులు జీవితమును వెలుతురువైపునుండి చూడుమని ఈలవేయుచు పాడుదురు. ఐడిల్ రచన. ఆ చిత్రమును ఐర్లండు, నార్వే నిషేధించినవి. బ్రిటనులో కొన్ని పురపాలక సంఘములును అడ్డగించినవి. 1982లో ఫాక్లండు యుద్ధమున క్షిపణి తగిలి మండుచున్న షెఫీల్డు నౌకలోని నావికులు రక్షణకై ఎదురుచూచుచు ఈ పాటనే పాడిరి. నేడు ఇంగ్లండులో అంత్యక్రియలయందు దీనిని పాడించుకొనుట వాడుకైనది. నిషేధింపబడిన వెక్కిరింత మూడు దశాబ్దములలో శ్మశానవైరాగ్యగీతమగుట ఎవరును తలపెట్టినది కాదు.

బృందము తలపెట్టని వ్యాప్తి ఇంకొకటి కలదు. హంగరీవాని కథ వచ్చిన ప్రసారముననే ఒక పూటకూటింటి ప్రహసనమును వచ్చెను. అచట ఏ వంటకమును అడిగినను అందు 'స్పామ్' అను డబ్బా మాంసము కలియక తప్పదు. ప్రక్కన కూర్చున్న ప్రాచీన నౌకాయోధులు ఆ పదమునే పాటగా పాడి ఇతరుల మాటలను ముంచివేయుదురు. యుద్ధకాలమునను తదుపరి రేషను దినములలోను ఆ మాంసముతో విసిగిన బ్రిటిషువారికి అందలి బాధ తెలియును. కంప్యూటరులపై సంభాషించు యువకులు అక్కఱలేని సందేశముల వెల్లువకు ఆ పేరే పెట్టిరి. 1990 తరువాత అది లోకమంతట పాకినది. డబ్బా మాంసమును కనివిని యెఱుగని తెలుగు గృహిణియు నేడు తన చేతి ఫోనుకు 'స్పామ్' వచ్చినదని విసుగుకొనుచున్నది.

చాప్‌మన్ సంస్మరణసభ జరిగిన ఆ 1989 డిసెంబరులోనే నెదర్లాండ్సునందు గీడో వాన్ రోసమ్ అను గణితజ్ఞుడు క్రొత్త కంప్యూటరుభాష నొకదానిని ఆరంభించి, తాను చదువుచున్న పైథాన్ నాటకప్రతులను బట్టి దానికి 'పైథాన్' అని పేరుపెట్టెను. 1991లో అది వెలువడెను. నేడు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములలో ఆ భాషతో జీవనము సాగించు తెలుగువారు అసంఖ్యాకులు. పాఠశాలలలో పిల్లలకును అది పాఠ్యవిషయము. చిహ్నముగా రెండు పాములుండుటచే కొండచిలువ పేరని వారిలో ఎక్కువమంది తలంతురు. పాఠములలో ఉదాహరణమునకు 'స్పామ్', 'ఎగ్స్' అను పదములు ఏల వచ్చునో, వ్రాయు పనిముట్టునకు 'ఐడిల్' అను పేరేలనో గురువు చెప్పడు, శిష్యుడు అడుగడు. ఆ భాషకు సంబంధించిన సామగ్రిని నిలువచేయు భాండాగారమునకు మొదట 'చీజ్ షాప్' అను పేరుండెను. 1972 నవంబరు 30 నాటి ఆ ప్రహసనములో క్రేత డజన్లకొలది జున్నుల పేర్లు ఒక్కొక్కటిగా అడుగును. దుకాణదారుడు ఎంతో మర్యాదగా ఒక్కొక్కటి లేదని చెప్పును. దుకాణములో జున్నుముక్క ఒక్కటియు ఉండదు.